పశువులు, పొలం, పర్యావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవు మాట ఎత్తితే మన దగ్గర చర్చ రెండు దారుల్లో పోతుంది. ఒకరు గోమాత అని దండం పెడతారు, ఇంకొకరు భూమి వేడెక్కడానికి ఇదే కారణం అంటారు. రోజూ తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, కుడితి పెట్టే మనిషిని మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. ఈ జవాబుల్లో ఎక్కువ భాగం ఆ మనిషి వైపు నుంచి చూసి రాసినవే. ఇక్కడ పశువులంటే ముఖ్యంగా ఆవులు, ఎద్దులు. గేదెల ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది.

ఆవును మనిషి ఎప్పుడు మచ్చిక చేసుకున్నాడు? మన ఆవూ సీమ ఆవూ ఒకటేనా?

ఒకప్పుడు ఆసియా, యూరప్, ఉత్తర ఆఫ్రికాల్లో ఆరాక్స్ అనే భారీ అడవి పశువు తిరిగేది. దాన్ని రెండు చోట్ల, వేర్వేరు కాలాల్లో మచ్చిక చేశారు. పశ్చిమాసియాలో సుమారు 10,500 ఏళ్ల కిందట మచ్చికైన వాటి సంతతే జెర్సీ, హోల్‌స్టీన్ లాంటి మూపురం లేని జాతులు. మూపురం ఉన్న మన పశువుల మూలం సింధు లోయ వైపు ఉంది. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్ దగ్గర సుమారు 8,000 ఏళ్ల నాటి ఆనవాళ్లు దొరికాయి. సింధు ముద్రల మీద గంగడోలు వేలాడే ఎద్దు బొమ్మను మనమందరం స్కూలు పుస్తకాల్లో చూసిందే. అడవి ఆరాక్స్ మాత్రం మిగల్లేదు. చివరిది 1627లో పోలండ్‌లో చనిపోయింది.

వదులు చర్మం, గంగడోలు ఉన్న మన పశువులు ఎండను బాగా ఓర్చుకుంటాయి, పిడుదుల బెడద కూడా వాటికి తక్కువ. సీమ ఆవులు పాలు ఎక్కువిస్తాయి కానీ మే నెల ఎండకు రొప్పుతాయి. ఈ రెండూ కలిస్తే సంతానం కలుగుతుంది కాబట్టే మన పాల కేంద్రాల చుట్టూ ఇన్ని సంకరజాతి ఆవులు కనిపిస్తున్నాయి.

మన రెండు రాష్ట్రాల సొంత జాతులు ఏవి?

మొదట చెప్పుకోవాల్సింది ఒంగోలు. గుండ్లకమ్మ, పాలేరు, ప్రకాశం జిల్లా మూసీ పారే నేలలు దాని పుట్టిల్లు. తెల్లటి ఒళ్లు, పొట్టి కొమ్ములు, మంచి ఎత్తు. వయసొచ్చిన గిత్తకు మెడ మీద, మూపురం మీద నల్లటి ఛాయ కమ్ముతుంది.

రెండోది చిత్తూరు వైపు పుంగనూరు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ల నడుము దాకా కూడా రాదు. పలమనేరులోని పశు పరిశోధనా స్థానం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఫోన్లలో పుంగనూరు పేరుతో అమ్మే పొట్టి ఆవులన్నీ పుంగనూరువి కావని మాత్రం గుర్తుంచుకోండి.

తెలంగాణకు పొడ తూర్పు ఉంది. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు పొడలుంటాయి. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు, నల్లమల అంచుల్లో మందలుగా పెంచుతారు. 2020లో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు మండలాల్లో దేవణి కనిపిస్తుంది.

ఒంగోలు జాతి బ్రెజిల్‌లో అంతగా పెరిగి, ఇక్కడ ఎందుకు తగ్గింది?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేటప్పుడు గొంతులో కాస్త గర్వం, కాస్త నొప్పి రెండూ ఉంటాయి.

19వ శతాబ్దంలో మన పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ వీటికి నెలోర్ అనే పేరు స్థిరపడింది. 1960ల మొదట్లో మరికొన్ని మేలైన గిత్తలు వెళ్లాయి. బ్రెజిల్ రైతుల వంశవృక్షాల్లో 'కర్వాది' అని ఒక పేరుమోసిన గిత్త ఉంది. అది ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే. 'గోదావరి', 'చేకురుపాడు' అనే గిత్తలు కూడా ఉన్నాయి. పోర్చుగీసు మాట్లాడే రైతు తన ఆవు ఫలానా కర్వాది సంతతి అని గొప్పగా చెప్పుకుంటాడు.

ఈ రోజు బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులుంటే, వాటిలో ఎక్కువ భాగం నెలోర్ లేదా ఆ రక్తం కలిసినవే. వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్‌కెక్కింది. ఆ వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద సందడే జరిగింది. ఆ ఆవును అంత ధరకు కొన్నది పాల కోసం కాదు, దండం పెట్టడానికీ కాదు. మాంసం కోసం పెంచే మందలకు మేలైన పిండాలు, అండాలు దాని నుంచి వస్తాయి, అందుకు. మన దగ్గర ఒంగోలు ఎద్దు పుట్టింది నల్లరేగడి దున్నడానికి, బరువు లాగడానికి. ఆ పని ట్రాక్టర్ తీసుకుంది. పాల లెక్క చూస్తే ముర్రా గేదె ముందు, సంకరజాతి ఆవు ముందు ఒంగోలు ఆవు నిలవలేదు. పని ఉన్న చోట జాతి పెరిగింది, పని పోయిన చోట తగ్గింది.

ఈ కథకు ఇంకో ముఖం కూడా ఉంది. అమెజాన్‌లో నరికిన అడవిలో పెద్ద భాగం పశువుల మేత భూమి అయింది. ఆ గడ్డిలో మేస్తున్నవి ఎక్కువగా మన గుండ్లకమ్మ ఒడ్డు పశువుల మునిమనవలే. గర్వపడేవాళ్లు ఈ సంగతి కూడా కలుపుకొని చెప్పాలి.

బండలాగుడు పోటీల్లో 'రెండు పళ్లు', 'నాలుగు పళ్లు' అని పిలుస్తారు, ఏమిటవి?

అవి వయసును బట్టి పెట్టిన విభాగాలు. ఎద్దుకు పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉండదు కదా, నోరే దాని సర్టిఫికెట్. పశువుకు పైదవడలో ముందు పళ్లు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది దవడలో ఎనిమిది ముందు పళ్లుంటాయి. దూడకు మొదట వచ్చేవి సన్నటి పాలపళ్లు. రెండేళ్లు దాటాక మధ్యలో రెండు ఊడి, వెడల్పాటి శాశ్వత పళ్లు వస్తాయి. ఆ తర్వాత అటూ ఇటూ జతలుగా మారుతూ, నాలుగున్నర నుంచి ఐదేళ్ల మధ్య ఎనిమిదీ పూర్తవుతాయి.

పోటీకి ముందు ఒకాయన ఎద్దు ముకుతాడు పట్టుకుంటాడు, ఇంకొకాయన కింది పెదవి బొటనవేలితో నొక్కి చూసి "నాలుగే" అంటాడు. ఆరో పన్ను చిగురు చీల్చుకుని తొంగి చూస్తుంటే అక్కడే గొడవ మొదలవుతుంది. తర్వాత జతను బండకు కట్టి, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందో టేపుతో కొలుస్తారు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు ఈ పోటీలకు వచ్చే జతలు లక్షల్లో అమ్ముడవుతాయి. ములుకర్రతో పొడవడం, అతిగా తోలడం మీద విమర్శలున్నాయి, అవి న్యాయమైనవే. అయినా ఒంగోలు గిత్తను ఖర్చుకు వెనకాడకుండా మేపుతున్న ఇళ్లలో చాలావరకు ఈ పోటీల కోసమే మేపుతున్నాయన్నది కూడా నిజం.

ట్రాక్టర్ వచ్చాక ఎద్దుతో ఇంకా పనుందా?

ఉంది. దుక్కికి ట్రాక్టర్ వేగం. కానీ పత్తి, మిర్చి మొక్క మోకాలెత్తు పెరిగాక సాళ్ల మధ్య గుంటక తోలాలంటే ఎద్దులు మేలు. ఆదిలాబాద్ పత్తి చేలల్లో, ఏజెన్సీ కొండ వాలు పొలాల్లో, ట్రాక్టర్ తిరగని చిన్న ముక్కల్లో ఇప్పటికీ వాటిదే పని. ఉత్తర తెలంగాణలో పొలాల అమావాస్యకు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తారు. కోస్తాలో ఆ మర్యాద కనుమ నాడు దక్కుతుంది.

చిక్కు ఎక్కడంటే, పని ఉండేది ఏడాదిలో కొన్ని వారాలు, మేత పెట్టాల్సింది 365 రోజులు. అందుకే జత ఉన్నవాళ్లు అద్దెకు తోలి గిట్టుబాటు చేసుకుంటున్నారు, లేనివాళ్లు కొత్తగా కొనడం లేదు. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో ఆడ ఆవుజాతి పశువులు సుమారు 18 శాతం పెరిగితే, మగవి సుమారు 30 శాతం తగ్గాయి. ఏడేళ్లలో వచ్చిన మార్పు అది.

మేత ఎందుకింత కష్టమైంది? వరిగడ్డి బోలెడు ఉంటుంది కదా?

ఉండేది. కూలీలు కోసి, కుప్ప నూర్చిన రోజుల్లో గడ్డి నిండుగా ఇంటికొచ్చేది, పెరట్లో వాము వేసేవాళ్లు. కోత మిషన్ వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురుగా పడిపోతోంది. దాన్ని బేలర్‌తో కట్టలు కట్టించాలంటే డబ్బు, ఇంటికి చేర్చాలంటే ఇంకొంత డబ్బు. పశువుల్లేని రైతుకు ఆ అవసరం ఏముంది? రెండో పంటకు టైమ్ లేదని అగ్గిపుల్ల గీస్తాడు. ఆ పక్క ఊళ్లోనే పాడి రైతు గడ్డి కట్ట ఎక్కువ ధరకు కొంటాడు, కొన్నాళ్లకు గిట్టక ఆవునే అమ్మేస్తాడు. పశువులు తగ్గేకొద్దీ గడ్డి తగలబడుతుంది, గడ్డి తగలబడేకొద్దీ పశువులు తగ్గుతాయి.

ఊరి పోరంబోకు, చెరువు శిఖం, గుట్ట వార మేత భూములు ప్లాట్లుగా, పట్టాలుగా మారడం ఇంకో దెబ్బ. గోసంరక్షణ గురించి మాట్లాడే సభల్లో మేత భూమి గురించి ఒక్క మాటైనా వినపడితే బాగుండు అనిపిస్తుంది.

కోడెదూడ పుడితే రైతు ఏం చేస్తున్నాడు? రోడ్ల మీద పశువులు ఎవరివి?

పెయ్యదూడ పుడితే ఇంట్లో సంబరం, కోడెదూడ పుడితే నిట్టూర్పు. సంకరజాతి కోడెకు మూపురం సరిగా ఉండదు, కాడి నిలవదు, ఎండకు తట్టుకోదు. దాన్ని రెండేళ్లు మేపితే వచ్చేదేమీ లేదు. కొందరు పాలు తగ్గించి దూడను నీరసపరుస్తారు. ఈ మాట చెప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. కొందరు సంతకు తోలతారు, కొందరు గుడికి వదిలేస్తారు. పట్నాల్లో రోడ్డు మధ్య పడుకునే వాటిలో ఇలా వదిలేసినవీ ఉన్నాయి, ఉదయం పాలు పితుక్కుని రోజంతా రోడ్డు మీదకు తోలే యజమానులవీ ఉన్నాయి.

రెండు రాష్ట్రాల్లోనూ 1977 నాటి చట్టమే అమల్లో ఉంది. దాని ప్రకారం ఆవును, దూడను వధించడం నిషేధం. ఎద్దు, దున్న లాంటి వాటికి ఇక సేద్యానికి, సంతానోత్పత్తికి పనికిరావని అధికారి సర్టిఫికెట్ కావాలి. కాగితం మీద ఇంతే ఉన్నా, దారిలో ఆపేస్తారనే భయంతో సంతల్లో ముసలి పశువుకు బేరగాళ్లు తగ్గారు. ఒకప్పుడు ముసలి ఎద్దును అమ్మిన డబ్బుకు కొంత కలిపి కొత్తది కొనేవాళ్లు. ఆ కొంత ఇప్పుడు మొత్తం అయింది.

పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా లింగ నిర్ధారిత వీర్యం రాయితీ మీద పశువైద్యశాలల్లో ఇస్తున్నారు. ఆవు ఎదకొచ్చిన సమయం సరిగా పట్టుకుంటే బాగానే పనిచేస్తుంది.

పేడ ఎరువు వేస్తే యూరియా అక్కర్లేదా?

లెక్క చూద్దాం. మాగిన పశువుల ఎరువులో నత్రజని దాదాపు అర శాతం. అంటే ఒక టన్నుకు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఒక్క బస్తాకు సమానం కావాలంటే నాలుగు టన్నుల ఎరువు తోలాలి, అందులోనూ మొదటి ఏడాది పైరుకు అందేది కొంతే. ఒక ఆవు రోజుకు 10 కిలోలు పేడ వేస్తే ఏడాదికి మూడున్నర టన్నులు. మాగి, ఆరాక అందులో సగమో ఇంకా తక్కువో మిగులుతుంది. ఎకరం వరికి ఒక్క ఆవు పేడే సరిపోతుందనడం లెక్కకు నిలవదు.

అయితే నత్రజని ఒక్కటే చూస్తే ఎరువుకు అన్యాయం చేసినట్టు. పేడ ఎరువు వేసిన చేను వాన నీళ్లు పట్టి ఉంచుతుంది, నేల గుల్లబారుతుంది, వానపాములు వస్తాయి, జింకు, బోరాన్ లాంటి సూక్ష్మ పోషకాలు అందుతాయి. యూరియా సంచి ఇవేవీ చేయదు. తెలివైన రైతులు రెండూ కలిపి వాడతారు, యూరియా క్రమంగా తగ్గిస్తారు. ఎరువు కుప్పను ఎండకు వదిలేయకుండా గుంటలో వేసి మట్టి కప్పితే నత్రజని గాల్లో కలవకుండా ఆగుతుంది. మన ఊళ్లలో చాలా పెంటకుప్పలు ఎండిపోయి, సారం పోయి, సగం గడ్డిపోచలుగా పొలం చేరుతున్నాయి.

మరి జీవామృతం? ఒక్క ఆవుతో 30 ఎకరాలు అంటారు కదా?

ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన పద్ధతిలో ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో రెండు రోజులు పులియబెడతారు. 10 కిలోల పచ్చి పేడలో ఉండే నత్రజని గ్రాముల్లోనే. కాబట్టి దీన్ని ఎరువు అనుకోకూడదు. సూక్ష్మజీవుల్ని పెంచే తోడు అని చెప్పేవాళ్లు కూడా అదే అంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం పెద్ద ఎత్తున సాగుతోంది. అందులో బాగా నిలబడ్డ రైతులను చూస్తే జీవామృతం ఒక్కటే వాళ్ల బలం కాదు. నేలను ఖాళీగా వదలకుండా పలు రకాల విత్తనాలు చల్లడం, ఆకులు అలములు కప్పడం, పప్పుజాతి అంతర పంటలు వేయడం, అన్నీ కలిసి పనిచేస్తున్నాయి. ఖర్చు తగ్గడం ఖాయం. దిగుబడి మాత్రం పంటను బట్టి, నేలను బట్టి ఉంటుంది.

ఆవులు భూమిని వేడెక్కిస్తున్నాయన్నది నిజమేనా?

నిజమే, కానీ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతే సగమే చెప్పినట్టు.

ఆవు కడుపులో నాలుగు గదులు. మొదటిదైన పెద్ద గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. మనం అరిగించుకోలేని గడ్డి పాలుగా మారేది వాటి వల్లే. ఆ పులియబెట్టడంలో మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది అపాన వాయువుగా పోతుందని జోకులేస్తారు కానీ ఎక్కువ భాగం పోయేది నోటి నుంచి, తేన్పులుగా. నెమరు వేసే ఆవు పక్కన కాసేపు కూర్చుంటే గొంతులో ఉండ పైకి రావడం, దాంతోపాటు గాలి పోవడం కనిపిస్తుంది.

వందేళ్ల లెక్కలో కిలో మీథేన్ వేడి పట్టే శక్తి కిలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 27 రెట్లు. కాకపోతే అది గాల్లో ఉండేది పన్నెండేళ్ల పాటే. బొగ్గు పొగ అలా కాదు, శతాబ్దాల పాటు పేరుకుంటూ పోతుంది. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో వేసిన అంచనాలో మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో 14.5 శాతం పశుపోషణదే, అందులో సింహభాగం ఆవుజాతిది. తర్వాతి లెక్కల్లో అది కొంచెం తగ్గి 12 శాతం దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు మన ఆవు సంగతి. వాతావరణ మార్పుల అంతర్‌ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాల్లో ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ వదులుతుందని, భారత ఉపఖండపు పాడి ఆవు 58 కిలోలేనని ఉంది. చూశారా, మన ఆవే మంచిది అనేయకండి. అదే పట్టికలో పాలు కూడా ఉన్నాయి: అక్కడ ఏడాదికి 8,400 కిలోలు, ఇక్కడ 900. లీటరు పాలకు లెక్క కడితే మనది నాలుగింతలకు పైగా ఎక్కువ.

ఈ లీటరు లెక్కలో కూడా ఒక లోపం ఉంది. అమెరికా ఆవు మొక్కజొన్న, సోయా తింటుంది. వాటికి వేరే పొలం, వేరే డీజిల్, వేరే ఎరువు కావాలి. మన ఆవు ఎక్కువగా తినేది వరిగడ్డి, జొన్న చొప్ప, తవుడు, గట్టు మీద గడ్డి. పాలు కాక పేడ, దూడ, ఎద్దు ఇస్తుంది. ఆ ఖాతా అంతా పాల మీదే రాస్తే తప్పుడు జవాబు వస్తుంది. నా మట్టుకు నాకు కనిపించే దారి ఒకటే: పాలివ్వకుండా, పని లేకుండా, అరకడుపుతో తిరిగే పశువుల సంఖ్య తగ్గాలి, ఉన్నవాటికి పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం సరిగా అందాలి. అప్పుడు మీథేన్ తగ్గుతుంది, రైతుకు నాలుగు డబ్బులూ మిగులుతాయి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ 'హరిత్ ధార' అనే దాణా మిశ్రమం తయారు చేసింది. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ల మాట.

నీళ్లు నిలబెట్టిన వరిమడి నుంచి కూడా మీథేన్ వస్తుంది. అన్నం తినేవాళ్లం ఆవును ఒక్కదాన్నే నిలదీయలేం.

ఆవు ఆక్సిజన్ వదులుతుందా?

లేదు. మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. వదిలే గాల్లో వాడగా మిగిలిన ఆక్సిజన్ కొంత ఉంటుంది, మన ఊపిరిలోనూ ఉంటుంది.

ఏ2 పాలకు అంత ధర పెట్టొచ్చా?

పాలలోని బీటా కేసీన్ అనే ప్రోటీన్‌కు ఏ1, ఏ2 అని రెండు రకాలున్నాయి. దేశవాళీ ఆవుల్లో ఎక్కువగా ఏ2 ఉంటుంది. మన గేదె పాలూ ఏ2నే, ఈ సంగతి సీసా మీద రాయరు. ఏ1 వల్ల జబ్బులొస్తాయన్న వాదనను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి, అలాంటి సంబంధం రుజువు కాలేదని తేల్చింది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఆగస్టులో ఏ2 అని రాసుకోవడం మానేయమంది, కొద్ది రోజులకే ఆ ఆదేశం వెనక్కి తీసుకుంది. దేశవాళీ ఆవును మేపే రైతుకు మంచి ధర దక్కాలని కొంటానంటే కొనండి. ఆరోగ్యం కోసమైతే కాచిన మామూలు పాలు చాలు.

గోబర్ గ్యాస్ ప్లాంట్ ఎన్ని పశువులుంటే పెట్టుకోవచ్చు?

ఒక ఘనపు మీటర్ గ్యాస్‌కు రోజుకు సుమారు 25 కిలోల పచ్చి పేడ కావాలి. నాలుగైదు పశువులుంటే రెండు ఘనపు మీటర్ల ప్లాంట్ నడుస్తుంది. నలుగురైదుగురున్న ఇంటి వంటకు అది సరిపోతుంది. పేడకు సమానంగా నీళ్లు కలిపి రోజూ పోయాలి. బయటికొచ్చే స్లర్రీ వాసన లేని మంచి ఎరువు. పిడకలు చేసి పొయ్యిలో పెడితే వేడి మాత్రమే దక్కుతుంది, పొగ కళ్లకు, ఎరువు బూడిదకు. ప్లాంట్‌లో గ్యాసూ దక్కుతుంది, ఎరువూ దక్కుతుంది.

ఇంత లాభం ఉన్నా ఊళ్లలో చాలా ప్లాంట్లు మూలపడ్డాయి. డోము పగిలితే బాగుచేసేవాళ్లు దొరకరు, పశువులు అమ్మేశాక పేడ చాలదు, ఈలోగా సిలిండర్ ఇంటికొచ్చింది. పిడకలకు మిగిలిన వైభవం కైరుప్పలలో చూడాలి. కర్నూలు జిల్లాలో ఆ ఊరివాళ్లు ఉగాది మర్నాడు రెండు వర్గాలుగా విడిపోయి పిడకలతో కొట్టుకుంటారు. వీరభద్రస్వామి పెళ్లి కథతో ముడిపడిన ఆచారం అది.

పశువులకూ రాబందులకూ సంబంధం ఏమిటి?

చచ్చిన పశువు ఊరవతల పడితే గంటల్లో ఎముకలు మిగిల్చే పని రాబందులది. 1990ల్లో అవి ఉన్నట్టుండి మాయమవడం మొదలైంది. కొన్ని జాతులు 95 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువులకు నొప్పులకిచ్చే డైక్లోఫినాక్ కారణమని 2004లో బయటపడింది. ఆ మందు పడిన పశువు కళేబరం తింటే రాబందు కిడ్నీలు చెడిపోతాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. తర్వాత ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా నిషేధించారు.

రాబందులు పోయాక కళేబరాల దగ్గర కుక్కలు పెరిగాయి, నీళ్లు చెడ్డాయి. 2000-2005 మధ్య దీనివల్ల దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం అంచనా కట్టింది. మీ పశువుకు నొప్పి ఇంజెక్షన్ వేయించేటప్పుడు మెలాక్సికామ్ అడగండి, రాబందులకు అది హాని చేయదు.

పేడపురుగులు మేలు చేస్తాయా?

చాలా. పేడను ఉండలు చేసి నేలలోకి దించి, ఎరువు కలిపి, ఈగలు గుడ్లు పెట్టకుండా చూస్తాయి. వీటి విలువ ఆస్ట్రేలియాకు తెలిసొచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. అక్కడి పేడపురుగులు కంగారూల గట్టి పెంటికలకు అలవాటు పడ్డవి, వలసవాళ్లు తెచ్చిన ఆవుల మెత్తటి పేడను ముట్టేవి కావు. మైదానాలు పేడతో నిండిపోయి ఈగలు ముసిరాయి. హంగరీ నుంచి వచ్చిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త సలహాతో 1965 నుంచి ఇరవై ఏళ్ల పాటు ఇతర దేశాల పురుగుల్ని తెచ్చి వదిలారు. మన దగ్గర ఆ సైన్యం ఉచితంగా ఉంది. ఐవర్‌మెక్టిన్ లాంటి నట్టల మందులు అవసరం లేకపోయినా పదేపదే వేస్తే పేడలో దిగి వాటినే చంపుతాయి.

ఆవు కడుపులో ప్లాస్టిక్ పేరుకుంటే ఏమవుతుంది?

కవర్ ముడి వేసి అన్నం పడేస్తే ఆవు ముడి విప్పదు, మొత్తం మింగుతుంది. అది ముందుకూ పోదు, నెమరుకూ రాదు. తాళ్లు, సూదులతో కలిసి ఉండలు కడుతుంది. కడుపు నిండినట్టు అనిపించి మేత మానేస్తుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది. డాక్టర్లు డొక్క కోసి పదుల కిలోలు తీసిన సందర్భాలున్నాయి. మిగిలిన అన్నం పెట్టాలనిపిస్తే కవర్ విప్పి, కొంచెమే పెట్టండి. ఎక్కువ అన్నం ఒక్కసారి తిన్నా కడుపు పులిసి ప్రాణం మీదికొస్తుంది.

పశువుల జబ్బులు మనకు అంటుకుంటాయా?

కొన్ని. బ్రూసెల్లోసిస్, క్షయ, ఆంత్రాక్స్ ముఖ్యమైనవి. పచ్చి పాలు తాగకండి, ఈసుకుపోయిన (గర్భం జారిన) ఆవు మాయను వట్టి చేతులతో తీయకండి. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా టీకా ఒకసారి, పశువులన్నిటికీ గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. గాలికుంటు, లంపీ చర్మ వ్యాధి మనుషులకు సోకవు.

టీకా అనేదే ఆవుల పొక్కుల నుంచి పుట్టింది, 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ చేతుల్లో. మందలకు మందల్ని ఊడ్చేసిన రిండర్‌పెస్ట్‌ను ప్రపంచం నుంచి తుడిచేశామని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో జబ్బు అదే.

పాలు, పేడ కాక పశువు ఇంకేమిచ్చింది?

తోలు. మోట బావుల తిత్తులు, చెప్పులు, డప్పులు అన్నీ చచ్చిన పశువును మోసుకుపోయి తోలు ఒలిచి, ఊనిన మాదిగల చేతి పని. వాళ్ల శ్రమ లేకుండా మెట్ట సేద్యమే లేదు, ఊరు మాత్రం వాళ్లను అవతల ఉంచింది. ఇక మందుల షాపుకొస్తే క్యాప్సూల్ పైపొర జెలటిన్, ఒకప్పుడు షుగర్ రోగులు వాడిన ఇన్సులిన్ కూడా పశువుల నుంచి వచ్చినవే.

హైదరాబాద్‌లో ఇంటి వెనక కాస్త జాగా ఉంది. పుంగనూరు ఆవు పెంచుకోవచ్చా?

జాగా కంటే ముందు నాలుగు విషయాలు తేల్చుకోండి. పాలు కావాలంటే ఆవు ఈనాలి, అంటే అదే జాతి వీర్యం దొరకాలి. దూడ కోడెదైతే ఏం చేస్తారు? రోజూ వచ్చే పేడ ఎక్కడికి పోతుంది? మీరు పది రోజులు ఊరెళ్తే ఎవరు చూస్తారు? పశువు మంద జీవి, ఒంటరిగా కట్టేస్తే బెంగపడి అరుస్తుంది. ఇవన్నీ కుదిరినా మున్సిపాలిటీ, పక్కింటివాళ్లు ఒప్పుకోవాలి. కుదరకపోతే ఊళ్లో పెంచే రైతుకు ఏడాది మేత ఖర్చు భరించండి, దూడకు పేరు మీరే పెట్టుకోవచ్చు.

పాడి ఆవును కొనడానికి వెళ్తే ఏం చూడాలి?

సంతలో పొదుగు నిండుగా కనిపించడానికి ముందు పూట పితకకుండా తెస్తారు. అందుకని ఇంటి దగ్గరే కొనండి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి, ఆ సాయంత్రం ఇంకోసారి మీ ముందే పితికించండి. నాలుగు చన్నుల నుంచీ ధార సమంగా రావాలి. మొదటి ధారను నల్లటి గుడ్డ మీద పట్టి గడ్డలు, నీళ్లు ఉన్నాయేమో చూడండి, ఉంటే పొదుగువాపు. పళ్లు చూడండి, చెవికి పసుపు ట్యాగ్ ఉంటే పన్నెండంకెల నంబర్‌తో పశువైద్యశాలలో టీకాలు, ఈతల వివరాలు అడగండి. చూడి ఆవు అని చెబితే డాక్టర్ చేత పరీక్ష చేయించాకే అడ్వాన్స్ ఇవ్వండి.

అమ్మినాయన ఏ మేత, ఏ దాణా పెడుతున్నాడో రాసుకుని, పదిరోజులకు సరిపడా గడ్డి ఆయన దగ్గరే కొనుక్కోండి. కడుపులోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. తొలి వారం పాత మేతే పెట్టి, తర్వాత రోజుకు కొంచెం చొప్పున మీ మేత కలుపుతూ రండి.